పైకొచ్చినవాడు, ఉండిపోయినవాడు

చిరంజీవికి,

కథ అందింది. ఒకే ఫ్యాక్టరీలో పనిచేసిన ఇద్దరు స్నేహితుల్లో ఒకడు పైకొచ్చాడు, ఇంకొకడు అక్కడే ఉండిపోయాడు. మంచి విషయం పట్టుకున్నావు. కానీ మూడో పేజీకల్లా పైకొచ్చినవాడు దుర్మార్గుడైపోయాడు, ఉండిపోయినవాడు ఉపన్యాసం అందుకున్నాడు. నాకు కథ అక్కడే తెగిపోయింది.

తిరగరాసే ముందు ఒక పాత ఇంగ్లండ్ హాస్య సీరియల్ చూడు. పేరు ‘ద లైక్లీ ల్యాడ్స్’. డిక్ క్లెమెంట్, ఇయాన్ లా ఫ్రెనే కలిసి రాశారు. 1964 డిసెంబరులో బీబీసీలో మొదలై 1966 దాకా వచ్చింది. ఊరు ఇంగ్లండ్ ఈశాన్యంలోని న్యూకాజిల్. బాబ్, టెర్రీ అనే ఇద్దరు కుర్రాళ్లు ఎలక్ట్రికల్ సామాన్ల ఫ్యాక్టరీలో పనిచేస్తారు. బీరు, ఫుట్‌బాల్, అమ్మాయిలు, ఇదే వాళ్ల లోకం. అందులో చాలా ఎపిసోడ్లు ఇప్పుడు దొరకవు. ఆ రోజుల్లో బీబీసీవాళ్లు టేపులు చెరిపేసి మళ్లీ వాడుకునేవారు. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు మండుతుంది.

నీకు అసలు కావలసింది 1973లో, రంగుల్లో వచ్చిన రెండో సీరియల్, ‘వాటెవర్ హ్యాపెన్డ్ టు ద లైక్లీ ల్యాడ్స్’. మొదటిదాని చివర బాబ్ సైన్యంలో చేరతానని బయల్దేరతాడు. వాడు లేకుండా ఉండలేక టెర్రీ కూడా చేరతాడు. తీరా చూస్తే బాబ్‌వి చదును పాదాలని, సైన్యానికి పనికిరాడని ఇంటికి పంపేస్తారు, టెర్రీ ఇరుక్కుపోతాడు. నవ్వు కోసం వేసిన ఆ ముడినే ఏడేళ్ల తర్వాత రచయితలు మళ్లీ అందుకున్నారు. టెర్రీ ఐదేళ్లు సైన్యంలో ఉండి ఊరికొస్తాడు.

వాణ్ణి దూరం పంపడం వల్ల ఏం కలిసొచ్చిందో గమనించు. ఊళ్లోనే ఉన్న బాబ్‌కి మార్పు రోజుకి కాస్త చొప్పున అలవాటైంది. టెర్రీకి ఒక్కసారిగా మీద పడింది. అప్పట్లో న్యూకాజిల్‌లో నిజంగానే పాత వీధులు కూల్చి ఎత్తయిన భవనాలూ పెద్ద రోడ్లూ వేశారు. ఆ ఊరిని ఉత్తరాది బ్రసీలియా (బ్రెజిల్‌వాళ్లు సరికొత్తగా కట్టుకున్న రాజధాని) చేస్తానని కలగన్న కౌన్సిల్ నాయకుడు టి. డాన్ స్మిత్ 1974లో అవినీతి కేసులో జైలుకెళ్లాడు. సీరియల్ ఆ వివరాల జోలికి పోనక్కర్లేకపోయింది. తను తిరిగిన చోట్లు కనబడక టెర్రీ సణుగుతాడు, అది చాలు. నువ్వు ప్రపంచీకరణ గురించి పేజీన్నర రాశావు.

ఇక మనుషులు. బాబ్‌కి ఆఫీసు ఉద్యోగం, కొత్త కాలనీలో ఇల్లు, లైబ్రరీలో పనిచేసే థెల్మాతో పెళ్లి. టెర్రీ నేను కార్మికవర్గంవాణ్ణి అని ఛాతీ విరుచుకుంటాడు గానీ, పనీపాటా లేదు! రోజూ పనికెళ్లేవాడేమో తన ఎదుగుదల చూసుకుని లోలోపల సిగ్గుపడతాడు. నువ్వు మర్చిపోయింది ఈ మెలికనే. నీ ఉండిపోయినవాడికి బద్ధకమో, అసూయో, గొప్పలు చెప్పుకునే జబ్బో, ఏదో ఒకటి అంటించు. పైకొచ్చినవాడికి ఇల్లు కట్టుకున్నందుకు నిజమైన సంతోషం ఇవ్వు. సొంత ఇల్లు కోరుకోవడం నేరమా?

థెల్మా గురించి కూడా ఆలోచించు. టెర్రీ అంటే ఆమెకి పడదు. కానీ టెర్రీ వెంట వెళ్తే బాబ్ ఏ స్థితిలో ఇంటికొస్తాడో చూశాక ఆమె వైపు కూడా న్యాయం కనిపిస్తుంది. నీ కథలో భార్య రెండుసార్లు మాట్లాడింది, రెండుసార్లూ సాధించడానికే.

అన్నీ చూసే తీరిక లేకపోతే ‘నో హైడింగ్ ప్లేస్’ అనే ఎపిసోడ్ ఒక్కటి చూడు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ మ్యాచ్ విశేషాలు రాత్రి టీవీలో వస్తాయి. అప్పటిదాకా ఫలితం తెలియకుండా ఉండలేరని ఫ్లింట్ అనేవాడు వీళ్లతో పందెం కాస్తాడు. కథంతా ఇంతే. ఇద్దరూ చెవులు మూసుకుని ఊరంతా పరిగెడతారు. చివరికి తెలిసేదేమిటంటే, గ్రౌండ్ నీళ్లతో నిండి మ్యాచే జరగలేదు. ఆ అరగంటలో స్నేహం గురించి ఒక్క డైలాగూ అక్కర్లేదు. ముప్పై దగ్గరపడుతున్న ఇద్దరు మగాళ్లు ఒక పిచ్చి పందెం కోసం రోజంతా పాడుచేసుకుంటున్నారంటే, వాళ్ల మధ్య ఏముందో చూసేవాడికి తెలియదా?

నువ్వూ ఆ ఉపన్యాసం కొట్టేసి, నీ ఇద్దరికీ ఏదైనా చిన్న పని అప్పజెప్పు. పాడైన స్కూటర్ ఊరి చివరిదాకా తోసుకెళ్లడమైనా సరే. దారిలో వాళ్లే పోట్లాడుకుంటారు. ఎవరు గెలిచారో నువ్వు తేల్చకు, నాకు ఉత్తరంలో కూడా చెప్పకు. రెండో ప్రతి దసరా లోపు పంపు. ఈసారి కాస్త పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీయించు, నా కళ్లజోడు ఇంకా మార్చలేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు