ఏ మందానికి ఏ గ్యాసు?

ప్రశ్న: మా షాపులో 16 గేజి పైపులతో గేట్లు, 10 మి.మీ. ప్లేట్లతో ట్రాక్టర్ ట్రక్కులు చేస్తాం. మిగ్ వెల్డింగ్ మిషన్ (వైరు కరిగించి, గ్యాసు రక్షణలో అతికేది) 250 ఆంపియర్లది. ఉన్నది ఒక్క సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండరే. పైపులకు బొక్కలు పడుతున్నాయి, అంటుకున్న రవ్వలు గ్రైండింగ్ చేయడానికే పొద్దుపోతోంది. అచ్చ ఆర్గాన్ పెట్టమంటున్నారు. పెట్టొచ్చా? – ఓ పాఠకుడు, ఒంగోలు

జవాబు: అచ్చ ఆర్గాన్ వద్దండీ. అల్యూమినియానికి అది సరే గానీ మామూలు ఇనుము మీద ఆర్క్ (వైరు కొసన మండే కరెంటు మంట) నిలకడగా ఉండదు. బీడ్ (కరిగి గడ్డకట్టిన అతుకు వరస) ఎత్తుగా లేచి అంచుల్లో గాడి పడుతుంది. గేట్లకు ఆర్గాన్ 80, సీఓటూ 20 శాతం మిక్స్ తెప్పించుకోండి. రవ్వలు బాగా తగ్గుతాయి.

గ్యాసు మార్చి, సెట్టింగు పాతదే ఉంచితే మాత్రం బొక్కలు ఆగవు. మిక్స్‌కు సీఓటూ కన్నా సుమారు 2 వోల్టులు తక్కువ చాలు. 0.8 మి.మీ. వైరుతో 17 వోల్టులు, 70–90 ఆంపియర్ల దగ్గర మొదలుపెట్టి తుక్కు ముక్క మీద సరిచూసుకోండి. కోత వంకరగా ఉండి సందు మిగిలితే ఏ గ్యాసూ కాపాడదు. సందు మూసి, అంగుళం అంగుళం చొప్పున చోటు మారుస్తూ వేయండి.

ట్రక్కు పనికి మీ సీఓటూనే ఉంచుకోండి. అది లోతుకు దిగుతుంది, ఖర్చూ తక్కువ. మిక్స్‌తో మందపు ప్లేటు మీద స్ప్రే ఆర్క్ (వైరు సన్నటి తుంపరగా కరిగి పడడం) రావాలంటే 1.2 మి.మీ. వైరుకు దాదాపు 250 ఆంపియర్లు దాటాలి. మీ మిషన్‌కు అదే ఆఖరు హద్దు, రోజంతా లాగలేదు. తక్కువ ఆంపియర్లలో మిక్స్‌తో వేస్తే పైన బీడ్ నున్నగా కనిపిస్తుంది, లోపల ప్లేటు కరగదు. మాకు భయమంతా ఇక్కడే. లోడుతో వెళ్లే ట్రక్కుకు డ్రాబార్ (ట్రాక్టర్‌కు తగిలించే కమ్మీ) అతుకు ఊడితే ప్రాణాలకే ముప్పు.

అందుకని 10 మి.మీ. అతుకుకు రెండు అంచులూ 30 డిగ్రీల వాలుగా గ్రైండ్ చేసి, నల్ల పొర తీసేసి, 2 మి.మీ. సందు వదిలి, రెండు మూడు వరసల్లో నింపండి. వైరు 1.2, సుమారు 200 ఆంపియర్లు, 25–26 వోల్టులు. వైరుతో పాటు దాన్ని నెట్టే రోలరూ, గన్ కొసనుండే టిప్పూ మార్చాలి. ముందు అదే మందం ముక్కలు రెండు టీ ఆకారంలో ఒక్కవైపే అతికి సుత్తితో వంచండి. బీడ్ ప్లేటు నుంచి పెచ్చులా శుభ్రంగా ఊడొస్తే అది అతకలేదన్నమాట.

ప్రశ్న: ఆరుబయట పని చేస్తుంటే మధ్యాహ్నం సముద్రం గాలికి బీడ్ నిండా రంధ్రాలు. గ్యాసు 25 లీటర్లకు పెంచినా అంతే. – ఓ పాఠకురాలు, కావలి

జవాబు: పెంచడం వల్ల మేలు లేదమ్మా. గ్యాసు మరీ జోరుగా వస్తే సుడి తిరిగి బయటి గాలిని లోపలికి లాక్కుంటుంది. నిమిషానికి 12–15 లీటర్లు చాలు. గాలి వచ్చే వైపు రేకో పట్టానో అడ్డుపెట్టి, నాజిల్ (గన్ మూతి) పనికి దగ్గరగా పట్టండి. నాజిల్‌లో పేరుకున్న రవ్వలు తీసి, గ్యాసు పైపు అతుకుల దగ్గర సబ్బునీళ్లతో లీకు చూడండి. జీఐ రేకైతే అతుకు దగ్గర జింకు పూత గీకేయాలి, రంధ్రాలకు అదీ కారణమే. ఆ పొగ పీల్చకూడదు. గాలి తగ్గకపోతే ఆ పూట గ్యాసు అక్కర్లేని మామూలు వెల్డింగ్ రాడ్‌తో వేయడమే నయం.

ప్రశ్న: సీఓటూ మీటరు నిండుగానే చూపిస్తూ ఉన్నట్టుండి అయిపోతుంది. రెగ్యులేటర్ మీద మంచు కడుతుంది. – ఓ పాఠకుడు, గూడూరు

జవాబు: సిలిండర్‌లో ఉన్నది ద్రవం. అది మిగిలినంతసేపూ ప్రెషర్ పెద్దగా తగ్గదు. ఎంత ఉందో తూకం వేసే తెలుసుకోవాలి. మంచుకు హీటర్ ఉన్న రెగ్యులేటర్ పెట్టండి. సిలిండర్ నిలబెట్టే వాడాలి, పడుకోబెడితే ద్రవమే రెగ్యులేటర్‌లోకి వస్తుంది.