కమ్మదనం, ఉమామి ఒకటేనా?

సందేహం: మా దిక్కు బొక్కల షోర్వ తాగినా, ఎండుచాపల కూర తిన్నా ‘కమ్మగున్నది’ అంటరు. నోరు సప్పబడితే ‘ఏదన్న కమ్మగ తినబుద్ధయితంది’ అంటరు. వంటల మీద వచ్చిన ఒక అనువాదంలో ఈ రుచినే ఒకచోట ‘ఉమామి’ అని, ఇంకోచోట ‘మాంసరుచి’ అని, మరోచోట ‘ఐదో రుచి’ అని రాసిన్రు. మనకు ఆరు రుచులుండంగ ఇది ఐదోది ఎట్లయితది? ‘ఉమామి’కి బదులు ‘కమ్మదనం’ అని రాస్తే తప్పా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

సమాధానం: తినేవాళ్ల మాటగా రాస్తే తప్పు లేదు. రుచికి శాస్త్రం పెట్టిన పేరుగా రాస్తే మాత్రం చిక్కు వస్తుంది. ముద్దపప్పులో నెయ్యి వేసి కలుపుకుంటే కమ్మగా ఉంటుంది, అందులో ఉమామి దాదాపు ఉండదు. ఎండురొయ్యల్లో ఉమామి దండిగా ఉంటుంది, ఆ వాసన పడనివాళ్లు మాత్రం ‘నీసు’ అని ముక్కు మూసుకుంటారు తప్ప కమ్మన అనరు. రెండు మాటల పరిధులు కొంతమేరే కలుస్తాయి.

‘కమ్మ’ మొదట ముక్కుకు సంబంధించిన మాట. పాత కావ్యాల్లో కమ్మతెమ్మెర అంటే పరిమళం మోసుకొచ్చే గాలి. పూలవిల్లు పట్టిన మన్మథుడు కమ్మవిల్తుడు. తమిళంలో పరిమళించడాన్ని ‘కమళ్’ అంటారు, అదీ ఈ కుదురుదే. కన్నడిగులకు ‘కంపు’ అంటే ఇప్పటికీ సువాసనే. మనం అదే మాటను మురికికాలువకు వాడుతున్నాం. తియ్యన పక్కన తీపి, పుల్లన పక్కన పులుపు ఉన్నట్టే కమ్మన పక్కన ఉండాల్సిన నామం కంపు. అది చెడ్డ అర్థంలోకి జారిపోయింది కాబట్టే ‘కమ్మదనం’ అని ‘తనం’ చేర్చి కొత్త నామం చేసుకోవాల్సి వచ్చింది. విశేషణం మాత్రం ముక్కు దగ్గర ఆగలేదు. నాలుక మీదికి వచ్చింది, చెవికి పాకింది (కమ్మటి పాట), కంటిమీదికీ ఎక్కింది (కమ్మటి నిద్ర). కమ్మటి పెరుగు అంటే పులవని పెరుగు, అక్కడ కమ్మదనం పులుపుకు ఎదురు నిలిచే గుణం. ఇంత విస్తరించిన మాటను ఒక్క రసాయనానికి కట్టేయడం కష్టం.

ఉమామి అట్లా కాదు, దాని హద్దు ఖాయం. టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో పనిచేసిన కికునాయె ఇకెడా 1908లో కొంబు అనే సముద్రపు నాచుతో కాచిన రసం నుంచి, ప్రొటీన్లకు ముడిసరుకైన అమైనో ఆమ్లాల్లో ఒకటైన గ్లుటమేట్‌ను వేరుచేసి, ఆ రుచికి పెట్టిన పేరు ఇది. జపనీస్‌లో ‘ఉమయ్’ అంటే రుచికరమైన, ‘మి’ అంటే రుచి. 1913లో షింతారో కొదామా ఎండబెట్టిన చేపలో ఇనోసినేట్‌నూ, 1957లో అకిరా కునినాకా గ్వానిలేట్‌నూ ఇదే రుచినిచ్చే పదార్థాలుగా చూపారు. గ్వానిలేట్ ఎండిన పుట్టగొడుగుల్లో ఎక్కువ. ఈ రుచిని పట్టే గ్రాహకాలు నాలుక మీద ఉన్నాయని తేలింది మాత్రం 2000–2002 మధ్యనే. అప్పటిదాకా దీన్ని విడి రుచిగా లెక్కించడానికి చాలామంది ఒప్పుకోలేదు.

ఒక మెలిక గుర్తుంచుకోవాలి. నాలుకకు తెలిసేది విడిగా ఉన్న గ్లుటమేటే. ప్రొటీన్ గొలుసులో ఇరుక్కున్న గ్లుటమేట్‌కు ఈ రుచి ఉండదు. కందిపప్పులో ప్రొటీన్ ఎంత ఉన్నా, కుక్కర్‌లో నాలుగు విజిల్స్ రానిచ్చినా ఆ గొలుసు పెద్దగా తెగదు. ఎండబెట్టడం, మాగబెట్టడం, పులియబెట్టడం వంటివాటితో అది తెగుతుంది. అందుకే ముద్దపప్పు కమ్మదనం నెయ్యిదీ, పోపులో వేగిన ఎల్లిగడ్డదీ. టమాటపప్పులో ఉమామి ఉందంటే అది టమాట పెట్టిన భిక్ష. ఉల్లిగడ్డ ఎర్రగా వేగినప్పుడు ఇల్లంతా పట్టే కమ్మదనం కూడా వాసనే, దాన్ని ఉమామి అని రాస్తే తప్పు. అనువాదాల్లో ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే.

రెండింటి తేడా పుస్తకం లేకుండా వంటింట్లోనే తేల్చుకోవచ్చు. ముక్కు గట్టిగా మూసుకొని ఒక చెంచా కరిగిన నెయ్యి నోట్లో పోసుకోండి. నునుపు, జిడ్డు తప్ప ఇంకేమీ తెలియదు. ముక్కు వదిలితే కమ్మదనం ఒక్కసారిగా లేస్తుంది. ఇప్పుడు కారం వేయకముందే తీసిన గోరువెచ్చటి షోర్వతో అదే పని చేయండి. ముక్కు మూసినా ఒకటి మిగులుతుంది. నాలుక మొత్తం పరుచుకొని, మింగిన తర్వాత కూడా ఉండిపోయి నీళ్లూరిస్తుంది. అది ఉమామి. షోర్వ పొగలు కక్కుతున్నా, అందులో మిరప పడినా ఈ పరీక్ష పనిచేయదు, నోరు మంటనే చూస్తుంది. ఉప్పు మరీ తక్కువైనా రుచి అణిగిపోతుంది, లీటరుకు 8 గ్రాముల ఉప్పు ఉండేటట్టు చూసుకోండి. మాంసం తిననివాళ్లు బాగా పండిన టమాటను కోసి, గింజల చుట్టూ ఉండే జిగురును ఒక గిన్నెలోకీ, కండను ఇంకో గిన్నెలోకీ తీసి రుచి చూడొచ్చు. పులుపు తగ్గాక మిగిలే రుచి జిగురులోనే ఎక్కువ, ఎందుకంటే గ్లుటమేట్ ఎక్కువగా ఉండేది అక్కడే. టమాట తొక్కు నూరేటప్పుడు గింజలు తీసి పారేసేవాళ్లు ఈ రుచినే పారేస్తున్నారు.

టేస్టింగ్ సాల్ట్ (గ్లుటమేట్ ఉప్పు) దొరికితే ఇంకో పరీక్ష. చిటికెడు తీసుకొని గ్లాసెడు గోరువెచ్చటి నీళ్లలో కలిపి తాగితే ఎవరూ ‘బాగుంది’ అనరు, అదోరకంగా ఉంటుంది. ఉప్పు, కూర వాసన తోడైతేనే అది ఇంపుగా మారుతుంది. ఒట్టి గ్లుటమేట్‌కు కూరగాయల వాసన జతచేస్తే మెదడులో ఇష్టం కలిగించే చోట్లు బాగా స్పందిస్తాయని 2007లో పరిశోధకులు చూపారు. వాసననూ రుచినీ ఒక్క ముడిలో పెట్టిన ‘కమ్మన’ తినేవాడి అనుభవానికి దగ్గరగానే ఉందన్నమాట. మీ దిక్కు మాటను మార్చుకోవాల్సిన పని లేదు.

‘మాంసరుచి’ మాత్రం వదిలేయాల్సిన మాట. టమాటలో, పుట్టగొడుగుల్లో, తల్లిపాలలో ఉన్న రుచికి ఆ పేరెట్లా నప్పుతుంది? పైగా మన జిల్లాల్లో చాలా ఇండ్లల్లో ‘కూర’ అంటేనే మాంసం. ‘టమాటలో మాంసరుచి’ అని చదివిన శాకాహారి బెదిరిపోతాడు.

ఇక ‘ఐదో రుచి’. తెలుగువాళ్ల లెక్క షడ్రసాలది: తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు. నాలుక మీద విడి గ్రాహకాలున్నవే రుచులన్న లెక్కలో కారం, వగరు నిలవవు. మిరప మంటను పట్టే గ్రాహకం వేడినీ పట్టేదేనని 1997లో తేలింది, కారం తగిలితే ‘కాలింది’ అనడంలో అతిశయోక్తి లేదు. వగరు నోటి పొర బిగుసుకున్నట్టుండే స్పర్శ. ఈ రెండూ పోతే నాలుగు మిగిలాయి, ఉమామితో ఐదయ్యాయి. ఆయుర్వేదం లెక్క వేరు, దాని అవసరం వేరు. కాబట్టి ‘ఐదో రుచి’ అని రాసేవాళ్లు ‘తీపి, పులుపు, ఉప్పు, చేదుల తర్వాత’ అన్న ముక్క కూడా చేర్చాలి. అది లేకపోతే ఉగాది పచ్చడి తిన్నవాళ్లంతా మీలాగే అడుగుతారు. ‘ఏడో రుచి’ అనేవాళ్లూ ఉన్నారు, అది రెండు లెక్కల్ని కలగలపడమే.

దీన్ని జనం ఎందుకింత ఇష్టపడతారన్నది భాషకు బయటి సంగతి, అయినా మీ ‘తినబుద్ధయితంది’ని అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది. విడిగా ఉన్న గ్లుటమేట్ తగిలితే అక్కడ ప్రొటీన్ ఉందని నాలుకకు అందే కబురు. తల్లిపాలలో విడిగా ఉండే అమైనో ఆమ్లాల్లో అన్నిటికన్నా ఎక్కువ ఇదే, అంటే ఉగ్గు పెట్టకముందే ఈ రుచి మప్పేస్తున్నాం. పులుపుతో ఊరే నీళ్లు త్వరగా తగ్గుతాయి, దీనితో ఊరేవి ఎక్కువసేపు ఉంటాయి. ‘నోరూరుడు’ రెండింటికీ చెల్లుతుంది. అట్లాగని కమ్మటిది తినాలనిపించిన ప్రతిసారీ ఒంట్లో ప్రొటీన్ తక్కువైందని అనుకోవద్దు.

గ్లుటమేట్, ఇనోసినేట్ కలిస్తే రుచి కూడికలా పెరగదు, అనేక రెట్లవుతుంది. పాలమూరు, నల్లగొండ వంటిండ్లలో ఈ సంగతి పేరు లేకుండానే నడుస్తున్నది. యాటకూరలో టమాట పడాలంటారు, అంగట్ల కొన్న ఎండుచాపల్ని టమాటతో వండుతారు. మాంసం, చేప ఇనోసినేట్ ఇస్తే టమాట గ్లుటమేట్ ఇస్తుంది. అర కిలో యాట బొక్కలకు లీటరున్నర నీళ్లు పోసి, సన్న మంట మీద గంటన్నర మరిగించి, దించే ముందు పావుగంట పండిన టమాటలు రెండు గింజలతో సహా వేస్తే తేడా తెలుస్తుంది. ఎండుచాపల దగ్గర చాలామంది చేసే తప్పు, గంటసేపు నానబెట్టి ఆ నీళ్లు పారబోయడం. ఇసుక, పైఉప్పు పోవడానికి వేడినీళ్లలో ఒకటి రెండుసార్లు జాడించి తీస్తే చాలు. ఈ రుచినిచ్చేవన్నీ నీళ్లలో కరిగేవే, నీళ్లతోపాటే పోతాయి.

ఇప్పుడు కోరిక గురించిన మాటలు. ‘నేను ఉమామిని కోరుకుంటున్నాను’, ‘ఉమామి క్రేవింగ్ కలిగింది’ అని ఈమధ్య రాస్తున్నారు. ఏ ఇంట్లోనూ ఎవరూ ఇట్లా అనరు. తెలుగులో ఇలాంటి కోరిక మనిషి చేసే పనిగా కాక మనిషికి కలిగేదిగా ఉంటుంది. అందుకే ‘నాకు’ అని మొదలవుతుంది: నాకు తినబుద్ధయితంది, నాకు తినాలనిపిస్తున్నది. కోస్తాలో ‘తినబుద్ధేస్తోంది’ అంటారు. ఈ ‘బుద్ధి’కి తెలివితో పనిలేదు, మనసు మొగ్గడమని అర్థం. ‘పాణం గుంజుతంది’ ఇంకాస్త గట్టి మాట, దేనిమీదికి గుంజుతున్నదో కూడా చెప్పాలి: ‘షోర్వ మీదికి పాణం గుంజుతంది’. ‘యావ’లో కొంత నింద ఉంది, ఎదుటివాళ్ల గురించి రాసేటప్పుడు చూసి వాడాలి. ‘వేవిళ్లు’ గర్భిణులకే పరిమితం. గర్భిణి కోరికకు సంస్కృతంలో ‘దోహదం’ అన్న మాట ఉంది, మనం దాన్ని ‘అభివృద్ధికి దోహదం’ అంటూ ఆఫీసు కాగితాలకు అప్పగించాం.

నోరు సప్పబడ్డప్పుడు ‘కారంకారంగ ఏదన్న పెట్టు’ అనేవాళ్లలో చాలామందికి కావలసింది మంట ఒక్కటే కాదు. ఉప్పు, పులుపు, కమ్మదనం కలిసిన ఘాటు కావాలి. స్వీటు షాపుల్లో మిక్స్చర్‌నీ, కారప్పూసనూ ‘హాట్’ అంటారు. తీపి కానిదంతా వాళ్లకు కారమే. వంటల అనువాదంలో ‘సేవరీ’ అని వస్తే తీపి కాని చిరుతిండి అనే చోట ‘కారం’ అనీ, రుచి గురించైతే ‘కమ్మన’ అనీ, గ్లుటమేట్ ప్రస్తావన ఉంటే ‘ఉమామి’ అనీ రాయండి.

‘ఉమామి’ని వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు చాలు. ‘షోర్వ చాలా ఉమామిగా ఉంది’ అనడం తెలుగు నడక కాదు. తియ్యగా, పుల్లగా, కమ్మగా అన్నవి విశేషణాల నుంచి వచ్చాయి, ఇది నామం. ‘షోర్వలో ఉమామి బాగా తెలుస్తున్నది’ అనాలి. చివర హ్రస్వ ఇకారమే, ‘ఉమామీ’ అని దీర్ఘం తీయొద్దు. ఇకారాంతం కనుక ఉమామికి, ఉమామిని అనే వస్తుంది, ‘కు’, ‘ను’ రావు. ‘మి’ అంటేనే రుచి కదా, ‘ఉమామి రుచి’ అనడం పునరుక్తి కాదా అని ఎవరైనా పట్టుకుంటే పట్టుకోనివ్వండి. ‘నడిసెంటర్’లో నిలబడి మాట్లాడే మనకు అదొక తప్పు కాదు.