బొమ్మ రాయవచ్చునా?

సందేహం: పగలు ఉద్యోగం చేసుకుంటూ, రాత్రిపూట సరదాకి టాబ్లెట్ మీద స్టైలస్‌తో బొమ్మలు వేసుకుంటాను. మా అమ్మమ్మ ‘బొమ్మలు రాస్తున్నావా?’ అని అడుగుతుంది. అది ఒడియా ప్రభావమని స్నేహితులు నవ్వుతారు. గీయడమా, వేయడమా, రాయడమా? డిజిటల్ ఆర్ట్‌ను తెలుగులో ఏమనాలి?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

సమాధానం: అమ్మమ్మగారి మాటకు నవ్వినవారికి ఇంటి తెలుగు కంటె బడి తెలుగు ఎక్కువగా వంటబట్టినట్లుంది. ఒడియా ప్రభావమే అయితే ఆమె నోట ‘అంక’ శబ్దం వినబడవలసింది. అక్కడివారు సాధారణంగా ‘చిత్ర ఆంకిబా’ అంటారు కదా.

‘వ్రాయు’ ధాతువుకు పూర్వం అక్షరము, చిత్రము రెండూ విషయాలే. తమిళంలో ‘వరై’ అంటే గీత గీయడం, చిత్రించడం. కన్నడంలో ‘బరె’ అంటే రాయడం. అదే ధాతువు తెలుగులో వర్ణాలు తారుమారై ‘వ్రా’ అయింది. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు తమ విద్యను ‘వ్రాతపని’ అనేవారు. అది పద్దు రాయడం కాదు, కలంతో బట్ట మీద బొమ్మలు దిద్దడం. సంస్కృతంలోనూ ‘లిఖ్’ అంటే మొదట గీరడమే. కనుకనే ఉషకు కలలో కనబడిన అనిరుద్ధుణ్ణి బొమ్మ కట్టి చూపిన చెలికత్తె చిత్రలేఖ అయింది. అంతదూరం ఎందుకు? గిడుగు రామమూర్తి పంతులు గారు మీ ఊళ్ళోనే ఉండి నేర్చిన సవర భాషలో ‘ఇడ్’ అంటే రాయడం; సవరల గోడబొమ్మకు ‘ఇడితాల్’ అనే పేరు దాని నుంచే వచ్చింది.

ఇక మీ స్టైలస్ మన గంటమే. తాటాకును ఇనుప గంటంతో గీరి మసి పూసే చిత్రకారులు ఒడిశాలో నేటికీ ఉన్నారు. చేయి ఒత్తితే అక్కడ గీత లోతవుతుంది, మీ తెర మీద లావవుతుంది. తప్పు గీసినప్పుడు వెనక్కి తీసుకొనే సదుపాయం మాత్రం తాటాకుకు లేదు.

‘గీయు’ రేఖకు, ‘వేయు’ రంగుకు ఎక్కువగా పొసగుతాయి. రెండూ సాధువులే.

డిజిటల్ అనే మాటకు మూలమైన లాటిన్ పదానికి అర్థం వేలు. వేళ్ళతో లెక్కించడం వల్ల అంకె అయింది. అందుచేత కొందరు ‘అంకాత్మక చిత్రలేఖనం’ అని రాస్తున్నారు. అర్థం తప్పు కాదు గాని, రాత్రి పొద్దుపోయాక సరదాకి చేసే పనికి ఇంత బరువైన పేరు పెడితే సరదాయే పోతుంది. ఒక చమత్కారం మాత్రం ఉంది: ‘అంక’ శబ్దం ఒడియాలో లెక్కకూ చిత్రానికీ కూడా పనికివచ్చింది, మనకు అంకె దగ్గరే ఆగింది.

‘డిజిటల్ బొమ్మ’ అంటే నేను తప్పుపట్టను. ‘ఆర్ట్ చేశాను’, ‘డ్రా చేశాను’ అన్నవి మాత్రం నాకు మింగుడుపడవు. మూడు క్రియలున్న భాషలో నాలుగోది అరువెందుకు? ఇంట్లో నిస్సంకోచంగా బొమ్మలు రాయండి. పత్రికకు పంపేటప్పుడు ‘గీశాను’ అనడమే మేలేమో, లేకుంటే బొమ్మల గురించి వ్యాసం రాశారని పొరబడేవారు ఉంటారు. మళ్ళీ ఉత్తరం రాసేటప్పుడు అమ్మమ్మగారు వాడే ఇటువంటి మాటలు మరికొన్ని తెలియజేయండి.