హాఫ్-లైఫ్ ఒక్కటి తెలిస్తే డోసు లెక్క తేలిపోతుందా?

"హాఫ్-లైఫ్ ఫార్ములా ఉండగా మందుల లెక్కకి డిఫరెన్షియల్ ఈక్వేషన్లు దేనికి?" అని ఒకరు అడిగారు. హాఫ్-లైఫ్ అంటే ఒంట్లో ఉన్న మందు సగానికి తగ్గడానికి పట్టే సమయం. డిఫరెన్షియల్ ఈక్వేషన్ అంటే మందు ఏ క్షణాన ఎంత వేగంగా మారుతోందో చెప్పే సమీకరణం. ఆ ఫార్ములా పుట్టిందే ఈక్వేషన్లోంచి. ఒంట్లో ఉన్న మందులో గంటకి ఇంత వంతు పోతుంది అని రాసుకుని సాల్వ్ చేస్తే 0.693ని ఆ వంతుతో భాగించమని వస్తుంది, అంతే. వంతు మారకుండా ఉంటేనే ఆ అంకె నిలబడుతుంది. చాలా మందులు మామూలు డోసుల్లో ఈ షరతు తప్పవు కాబట్టి దాని గురించి ఎవరూ పట్టించుకోరు. పట్టికలో హాఫ్-లైఫులు బట్టీ పట్టించి పంపేస్తారు.

ఫెనిటాయిన్ దగ్గర ఆ బట్టీ బెడిసికొడుతుంది. మూర్ఛకిచ్చే ఈ మందుని విరగ్గొట్టే కాలేయపు ఎంజైములు చికిత్స స్థాయిలోనే దాదాపు నిండిపోతాయి. అందుకని ఈక్వేషన్ ఇలా రాయాలి: రోజుకి పోయే మందు = వీమ్యాక్స్ × సాంద్రత ÷ (కేఎమ్ + సాంద్రత). సాంద్రత అంటే లీటరు రక్తంలో ఉన్న మందు, వీమ్యాక్స్ అంటే ఎంజైములు రోజుకి విరగ్గొట్టగల గరిష్ఠ మొత్తం, కేఎమ్ అంటే అందులో సగం వేగం వచ్చే సాంద్రత. 70 కిలోల మనిషికి వీమ్యాక్స్ రోజుకి 490 మి.గ్రా., కేఎమ్ లీటరుకి 4 మి.గ్రా., వాల్యూమ్ (ఒంట్లో మందు పరుచుకునే లెక్క పరిమాణం) 45 లీటర్లు అనుకోండి. ఇవి సగటు అంకెలు, మనిషికీ మనిషికీ బాగా మారతాయి. కావలసిన స్థాయి లీటరుకి 10 నుంచి 20 మి.గ్రా.

రోజుకి 300 ఇస్తే సాంద్రత చివరికి 6.3 దగ్గర ఆగుతుంది. 400 ఇస్తే 17.8. ఇంకో 50 కలిపి 450 చేస్తే 45! 500 ఇస్తే అసలు ఆగదు, పెరుగుతూనే పోతుంది.

అంతకంటే ప్రమాదం టైముతో. చివరి స్థాయిలో 90 శాతానికి చేరడానికి 300 మీద 4 రోజులు చాలు, 400 మీద 17 రోజులు, 450 మీద 80 రోజులు దాటుతుంది. 450 మీద మొదలుపెట్టి ఏడో రోజున రక్తం తీస్తే 17 కనిపిస్తుంది. రిపోర్టు చూసిన వాళ్లు "భేషుగ్గా ఉంది" అనుకుంటారు. పదో రోజుకి 20, నాలుగు వారాలు తిరిగేసరికి 30. అప్పటికి కనుగుడ్లు అటూ ఇటూ కొట్టుకోవడం, నడక తూలడం మొదలవుతాయి. "ఐదు హాఫ్-లైఫులు అయ్యాయి, స్థిరపడింది" అనే సూత్రం ఇక్కడ పనికిరాదు. ఎందుకంటే మందు ఆపాక 45 నుంచి 22.5కి దిగడానికి 56 గంటలు పడితే, అదే మనిషిలో 2 నుంచి 1కి దిగడానికి 8 గంటలు చాలు. ఇందులో దేన్ని హాఫ్-లైఫ్ అనాలి?

ఈ లెక్కకి కోడ్ రాసేవాళ్లు ముందు తప్పేది మందు లవణ రూపం దగ్గర. ఫెనిటాయిన్ సోడియం క్యాప్సూల్లో అసలు ఫెనిటాయిన్ 92 శాతమే. సిరప్‌లో పూర్తిగా ఫెనిటాయినే. 450 మి.గ్రా. ఫెనిటాయిన్ సోడియం అంటే అసలు ఫెనిటాయిన్ 414 మాత్రమే. చివరి స్థాయి 45 కాదు, 22. ఇటు నుంచి అటు మార్చేటప్పుడు మి.గ్రా. సమానంగా ఉంచారంటే ఆ తేడా అంతా రక్తంలో తేలుతుంది.

తర్వాత సాల్వర్, అంటే ఈక్వేషన్‌ని కొద్దికొద్ది కాలపు అంగలుగా లెక్కకట్టే ప్రోగ్రామ్. స్టెప్ సైజు తనే మార్చుకునే సాల్వర్లకి ఒక దురలవాటుంది. గ్రాఫు నిదానంగా సాగుతుంటే పెద్ద అంగలు వేస్తాయి, మధ్యలో నరంలోకి నిదానంగా ఎక్కించిన అరగంట ఇన్‌ఫ్యూజన్‌ని గమనించకుండానే దాటేస్తాయి. ఎర్రర్ కూడా రాదు. డోసు ఇచ్చిన ప్రతి క్షణంలో సాల్వర్‌ని ఆపి, మందు కలిపి, మళ్లీ నడపాలి. ఇన్‌ఫ్యూజన్ అయితే మొదలూ చివరా రెండు చోట్లా ఆపాలి. గంటలూ రోజులూ కలిపేయడం గురించి వేరే చెప్పక్కర్లేదు.

పనిలో పనిగా ఇంకో మాట. గీత డేటాకి బాగా అతుక్కుందని, ఒంటిని మందు చేరే ఊహా గదులుగా విడగొట్టి, రెండు, మూడు కంపార్ట్‌మెంట్లు పెట్టేయడం ఈ మధ్య ఫ్యాషన్ అయింది. నాలుగు రక్త నమూనాలతో ఐదు పారామీటర్లు (మోడల్లో కనిపెట్టాల్సిన అంకెలు) తేలవు. టాబ్లెట్ డేటా మాత్రమే ఉంటే ఒక కంపార్ట్‌మెంట్‌లో కూడా చిక్కే: శోషణ రేటునీ విసర్జన రేటునీ తారుమారు చేసినా, వాల్యూమ్ ఆ మేరకు సర్దుకుని గ్రాఫు అచ్చం అలాగే వస్తుంది. నెమ్మదిగా విడుదలయ్యే మందుల్లో చివరి వాలు నిజానికి శోషణదే అయి ఉండొచ్చు. ఏది ఏదో తేల్చాలంటే ఐవీ డేటా, అంటే మందుని నేరుగా నరంలోకి ఇచ్చి తీసిన డేటా, కావాలి.