పిలవకపోయినా నర్సు గంటగంటకూ ఎందుకు వస్తారు?

రోగి నోరు తెరిచి అడగకముందే అవసరం కనిపెట్టడానికే నర్సులకు ఈ రౌండ్లలో శిక్షణ ఇస్తారు. సాధారణంగా పగలు గంటకోసారి, రాత్రి రెండు గంటలకోసారి వచ్చి నొప్పి ఉందా, పక్కకు తిప్పాలా అని అడుగుతారు. మంచినీళ్లు, బెల్ చేతికందేలా ఉన్నాయో లేదో చూస్తారు. మళ్లీ ఎప్పుడొస్తారో చెప్పి మరీ వెళ్లాలి. చిన్న మాటే గానీ, రోగికి సగం టెన్షన్ తగ్గుతుంది.

అమలాపురంలో తుంటి ఆపరేషన్ అయిన పెద్దాయన ఉన్నారనుకోండి. ‘ఆ పిల్లని ఇబ్బంది పెట్టడమెందుకులే’ అని బెల్ కొట్టరు, అర్ధరాత్రి ఒంటరిగా లేచి పడిపోతారు. “బాబాయిగారూ, బాత్రూమ్‌కి తీసుకెళ్లమంటారా?” అని ముందే అడిగితే ఆ ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

పక్కన ఇంటి మనిషి ఉంటే రౌండ్లు అక్కర్లేదనుకోవడం పొరపాటు. మడమ దగ్గర చర్మం ఎర్రబడితే అది పుండుకు మొదలు కావచ్చని శిక్షణ ఉన్న నర్సుకు తెలుస్తుంది, ఇంటివాళ్లకు తట్టకపోవచ్చు.