ఇంట్లో బీరు 50 లీటర్లకు పెంచుకోవచ్చా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమెరికాలో చదువుకునేటప్పుడు ఇంట్లో బీరు చేసుకోవడం నేర్చుకున్నాను. ఇక్కడ కూడా 20 లీటర్ల చొప్పున చేస్తున్నాను, నాకూ నా స్నేహితులకూ. ఇప్పుడు 50 లీటర్లకు పెంచాలని ఉంది. కొత్త సెట్టు కొనే స్తోమత లేదు. బేగంబజార్‌లో పెద్ద స్టీలు గిన్నె తీసుకుని కుళాయి వెల్డింగ్ చేయించి, చల్లార్చడానికి రాగి గొట్టం చుట్ట పెట్టి, సెకండ్ హ్యాండ్ డ్రమ్ములో పులియబెట్టాలని ప్లాన్. ఖర్చు నలుగురం పంచుకుంటాం, బయట అమ్మం. చట్టం ఎన్ని లీటర్ల వరకు ఒప్పుకుంటుంది?

జవాబు: ఆ గిన్నె కొనకండి. 50 లీటర్ల మాట అటుంచండి, ఇప్పుడు చేస్తున్న 20 లీటర్లకే చట్టంలో చోటు లేదు.

మద్యం తయారీ, నిల్వ, రవాణా, అమ్మకం రాష్ట్రాల పరిధిలోని విషయాలు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు, రెండో జాబితా, 8వ అంశం. అందుకే ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రూలు. మనకు వర్తించేది ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 1968 ఎక్సైజ్ చట్టం. రాష్ట్ర విభజన తర్వాత దాన్నే తెలంగాణ ఎక్సైజ్ చట్టంగా అమలు చేస్తున్నారు. లైసెన్సు లేకుండా మత్తు పదార్థమేదీ తయారు చేయకూడదని అందులోని 13వ సెక్షన్ చెబుతుంది. ఆల్కహాల్ ఉన్న ద్రవం ఏదైనా ఈ చట్టం దృష్టిలో మద్యమే, బీరు పేరు అందులో విడిగా కూడా ఉంది. ‘సొంతానికైతే ఫరవాలేదు’ అనే మినహాయింపు ఆ సెక్షన్‌లో లేదు. ఇన్ని లీటర్ల వరకు అని గీత కూడా గీయలేదు. కాబట్టి ‘అమ్మడం లేదు కదా’ అనే వాదన శిక్ష తగ్గించమని అడగడానికి పనికొస్తుందేమో గానీ, తప్పు లేదని చెప్పడానికి పనికిరాదు.

మీ ప్లానుకు నేరుగా తగిలే మాట కూడా అదే సెక్షన్‌లో ఉంది. కల్లు కాకుండా వేరే ఏ మత్తు పదార్థమైనా తయారు చేసే ఉద్దేశంతో సరుకు, పాత్రలు, పరికరాలు దగ్గర పెట్టుకోవడాన్ని కూడా అది నిషేధిస్తుంది. అంటే బీరు ఇంకా తయారు కాకపోయినా కేసు పెట్టొచ్చు. స్టీలు గిన్నె నేరం కాదు. బార్లీ మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ), హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు), ఈస్ట్ కొనడం కూడా దానంతటదే నేరం కాదు. అవన్నీ ఎందుకు తెచ్చారన్నదే ప్రశ్న. గిన్నెకు వెల్డింగ్ కుళాయి, మూతకు ఎయిర్‌లాక్ (లోపలి గ్యాసును బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని బిరడా) ఉన్న డ్రమ్ము, ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్, నలుగురు స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ‘ఈసారి 50 లీటర్లు’ అన్న మెసేజ్... ఇవన్నీ పక్కపక్కన పెడితే ఉద్దేశం రుజువు చేయడానికి వేరే సాక్షి అక్కర్లేదు.

ఆ రాగి గొట్టం చుట్ట గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మీరు దాన్ని మరిగిన వోర్టులో, అంటే ఇంకా పులియబెట్టని మాల్ట్ రసంలో, ముంచి లోపల చల్లటి నీళ్లు పారిస్తారు, అంతే. బీరులో బట్టీ పెట్టే పని లేదని నాకు తెలుసు. కానీ సోదాకు వచ్చిన అధికారి కంటికి కనబడేది ఏమిటి? పెద్ద గిన్నె, రాగి చుట్ట, పక్కన డ్రమ్ములో పులుస్తున్న ద్రవం. గుడుంబా కేసుల్లో బెల్లం పానకంతో పాటు ఆయన రోజూ చూసే సామాను అదే. మీది సారా కాదని ల్యాబు రిపోర్టు వచ్చి తేలేదాకా మీరు పడే టెన్షన్ మామూలుగా ఉండదు. తేలాక కూడా బీరు కేసు మిగులుతుంది.

ఖర్చు పంచుకోవడం ఇంకా ప్రమాదం. మీ దృష్టిలో అది చందా. ఫోన్‌పేలో నలుగురి నుంచి మీ ఖాతాకు డబ్బు వచ్చి, ఆ తర్వాత సీసాలు వాళ్లింటికి వెళ్తే, అమ్మకం అనడానికి ప్రాసిక్యూషన్‌కు అది చాలు. 50 లీటర్లంటే 650 మిల్లీలీటర్ల సీసాలు 76 నిండుతాయి. ఇంట్లో అంత మద్యం కనిపిస్తే సొంతానికే అని నమ్మించడం కష్టం. పైగా డబ్బులిచ్చిన స్నేహితులు కూడా కేసులోకి వస్తారు. ఫ్లాట్ ఓనరుకు తెలిసి ఊరుకున్నాడని తేలితే ఆయనకూ తిప్పలే.

మీరు చూసే వీడియోలన్నీ అమెరికావి, బ్రిటన్‌వి అయి ఉంటాయి. 1978లో అమెరికా చేసిన ఫెడరల్ చట్టం ప్రకారం పెద్దవాళ్లు ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది ఉన్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల బీరు, అంటే సుమారు 757 లీటర్లు, పన్ను కట్టకుండా సొంతానికి చేసుకోవచ్చు. ఒక్కరే ఉంటే 100 గ్యాలన్లు. అక్కడ కూడా అమ్మకూడదు, ఇంట్లో సారా కాయకూడదు. బ్రిటన్‌లో 1963లోనే లైసెన్సు అవసరం తీసేశారు. అక్కడ నేర్చుకున్న పని చట్టబద్ధమే, ఇక్కడ కాదు. అంతే తేడా.

హైదరాబాద్‌లో మైక్రోబ్రూవరీలు ఉన్నాయి కదా, నాకెందుకు ఇవ్వరు అనొచ్చు. ఆ లైసెన్సు వ్యాపార స్థలానికి. అక్కడే చేసి అక్కడే కస్టమర్‌కు పోయడానికి. అద్దె ఫ్లాట్‌కు దరఖాస్తు చేసుకునే దారి అందులో లేదు. ఫంక్షన్లకు ఇచ్చే ఈవెంట్ పర్మిట్ కూడా లైసెన్సు ఉన్న దుకాణంలో కొన్న మద్యం వడ్డించడానికే. మద్యం వ్యాపారం ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 1994లో ఖోడే డిస్టిలరీస్ కేసులో చెప్పేసింది కాబట్టి, హక్కు అడుగుతూ కోర్టుకెళ్లే దారి కూడా ఇరుకు. నా అభిప్రాయం అడిగితే, అమ్మకం లేకుండా కొద్ది లీటర్లు చేసుకునేవాళ్లకు ఒక చిన్న పర్మిట్ పెట్టడం న్యాయమే. కల్తీ సారాకు, మాల్ట్ పులియబెట్టడానికి ఒకే తాళం వేయడం సరికాదు. కానీ ఆ మార్పు శాసనసభ చేయాలి. అంతవరకు మీ వంటింట్లో అమలయ్యేది ఇప్పటి చట్టమే.

ఎక్సైజ్ చట్టం 34వ సెక్షన్ కింద జైలు, జరిమానా ఉన్నాయి. సామాను జప్తు అవుతుంది. మీ వయసువాళ్లకు నేను ఎక్కువగా చెప్పేది మాత్రం పాస్‌పోర్టు సంగతి. కోర్టులో క్రిమినల్ కేసు పెండింగ్‌లో ఉంటే పాస్‌పోర్టు ఇవ్వడానికి నిరాకరించే అధికారం 1967 పాస్‌పోర్టు చట్టం 6(2)(ఎఫ్) కింద ఉంది. రెన్యువల్‌కు, విదేశీ ప్రయాణానికి ఆ కోర్టు అనుమతి తెచ్చుకోవాల్సి వస్తుంది. వీసా ఫారాల్లో అరెస్టు గురించి అడిగే ప్రశ్నకు ప్రతిసారీ జవాబు రాయాలి. మళ్లీ అమెరికా వెళ్లాలన్న ఆలోచన ఉంటే ఇది గిన్నె ధర కన్నా చాలా పెద్ద ఖర్చు.

ఇక చేయాల్సింది. తయారీ ఇవాళే ఆపండి. గ్రూపులో, ఇన్‌స్టాలో ఫొటోలు పెట్టకండి, ఎవరికీ సీసాలు పంపకండి. చేతిలో పని ఉంది కాబట్టి లైసెన్సు ఉన్న మైక్రోబ్రూవరీలో బ్రూమాస్టర్ (బీరు తయారీ చూసే నిపుణుడు) దగ్గర చేరి నేర్చుకోవచ్చు. అక్కడ ఒక్క బ్యాచే వందల లీటర్లు, తయారీ ఆ లైసెన్సు కిందే జరుగుతుంది.

ఒకవేళ ఎప్పుడైనా సోదాకు వస్తే అడ్డుకోవద్దు, ఏదీ పారబోయొద్దు, దాచొద్దు. అప్పుడు పారబోస్తే సాక్ష్యం మాయం చేశారన్న ఇంకో కేసు తోడవుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదానూ జప్తునూ ఆడియో, వీడియో రికార్డు చేయాలి, చేయమని మర్యాదగా అడగండి. పంచనామాలో ఏం రాశారో, ఎన్ని లీటర్లు రాశారో చదవకుండా సంతకం పెట్టకండి. ఖాళీ కాగితం మీద అసలే పెట్టొద్దు. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, లాయరుతో మాట్లాడే హక్కు మీకుంది. ముందు లాయరుకు ఫోన్ చేసి, ఆ తర్వాతే మిగతా వివరాలు చెప్పండి.