ఇల్లు తాళం వేసి సంక్రాంతికి వెళ్తున్నారా? ముందు మెయిన్ వాల్వ్ ఎక్కడుందో వెతకండి

మీరు అడిగింది ఇదీ: డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఇల్లు కొని ఏడాదైంది, డిసెంబర్ మూడో వారంలో ఇండియా వెళ్లి సంక్రాంతి చూసుకుని జనవరి ఆఖరికి వస్తారు. ఈలోగా డల్లాస్‌లో చలి ముదిరితే పైపులు పగలకుండా, హీటర్ ఆన్‌లో ఉంచి ట్యాపులు సన్నటి ధారగా వదిలేసి వెళ్తే చాలా?

చాలదండీ. హీటర్ ఉంచండి, ట్యాపులు మాత్రం వదలొద్దు. ఇంటికి నీళ్లొచ్చే మెయిన్ వాల్వ్ కట్టేసి, పైపుల్లో ఉన్న నీళ్లు దింపేసి వెళ్లండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ని పట్టిన చలికి మా ఇంట్లో పైపు పగిలింది.

మేం ఉండేది ఇర్వింగ్, అదీ డల్లాస్ పక్కనే. ఆ నెల 15న, సోమవారం తెల్లవారుజామున కరెంటు పోయింది. మర్నాడు డీఎఫ్‌డబ్ల్యూ (డల్లాస్-ఫోర్ట్‌వర్త్) ఎయిర్‌పోర్టులో మైనస్ 2 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మనం చదువుకున్న సెల్సియస్ లెక్కలో మైనస్ 19. మాది గ్యాస్ హీటరే. కానీ దాని ఫ్యాన్ తిరగాలంటే కరెంటు కావాలని ఆ రోజే బుర్రకెక్కింది. వంటింటి ట్యాపు, కింది బాత్రూం ట్యాపు సన్నగా వదిలాం. పైన గెస్ట్ బాత్రూం ఎవరికీ గుర్తు రాలేదు.

శుక్రవారం మధ్యాహ్నానికి కరెంటొచ్చి రెండ్రోజులైంది. ఇల్లు వెచ్చబడింది, బయట ఎండ కూడా కాసింది. గండం గడిచిందనుకుని కుక్కర్ పెట్టాను. రెండో విజిల్ వచ్చేలోపే పైన ఎవరో షవర్ కింద నిలబడ్డట్టు చప్పుడు. ఇంట్లో ఉన్నది నలుగురం. నలుగురమూ కిందే ఉన్నాం.

తలెత్తి చూస్తే హాల్లో సీలింగ్ లైటు గాజు గిన్నెలో నీళ్లు నిండి అంచుల మీంచి కారుతున్నాయి. దాని పక్కన పెయింటు కింద నీళ్లు చేరి సీలింగ్ పూరీలా ఉబ్బింది. మా ఆయన పైకి పరిగెత్తారు, నేను బ్రేకర్ల దగ్గరికి. మా అత్తయ్య మాత్రం ఒకటే కేక: "ముందు వాల్వు కట్టండర్రా! ట్యాంకు ఎక్కడుంది?" ట్యాంకు లేదని చెప్పే ఓపిక లేదు. వాల్వు ఎక్కడుందో తెలిస్తే కదా కట్టడానికి.

తర్వాత ఆలోచిస్తే ఆవిడ ప్రశ్నలోనే అసలు సంగతి ఉందనిపించింది. మన ఊళ్లో పైపు పగిలితే మేడ మీది వెయ్యి లీటర్ల ట్యాంకు ఖాళీ అయ్యేదాకానే గొడవ. ఇక్కడ ఆ పైపు వెనక ఉన్నది ఊరి వాటర్ సప్లై మొత్తం. ఎవరో ఒకరు కట్టేదాకా అది ఆగదు. ఎదురింటి పెద్దాయన పొడవాటి టీ ఆకారం కీ పట్టుకొచ్చి, రోడ్డు పక్క పెట్టె మూత లేపి, లోపల పేరుకున్న మట్టి చేత్తో తోడి వాల్వు కట్టేసరికి ఇరవై నిమిషాలైంది. ఆ ఇరవై నిమిషాలకే సీలింగ్ రెండు చోట్ల ఊడి పడింది, అటకలోని ఇన్సులేషన్ తడి దూదిలా సోఫా మీద కుప్పపడింది, మెట్ల కింద పెట్టిన సోనామసూరి బస్తా నానిపోయింది. మేం ఇంట్లో ఉండగా జరిగింది కాబట్టి ఇరవై నిమిషాలు. అదే మీరు గుంటూరులోనో వరంగల్‌లోనో ఉంటే?

పైపు ఎండొచ్చాకే ఎందుకు కారిందని మీకు అనుమానం రావచ్చు. నీరు గడ్డకట్టినప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. చాలాసార్లు పైపు పగిలేది ఐసు ఉన్నచోట కాదు. ఐసు గడ్డకీ, మూసి ఉన్న ట్యాపుకీ మధ్య ఇరుక్కున్న నీటి మీద ఒత్తిడి పెరిగి అక్కడ పగులుతుంది. ట్యాపు కాస్త తెరిచి ఉంటే ఆ ఒత్తిడి బయటికి పోతుంది, అందుకే చలి రాత్రి ధార వదలమంటారు. పగిలిన పైపు కూడా ఐసే బిరడాలా అడ్డం ఉన్నంతసేపు కారదు. కరిగాక మొదలవుతుంది. ధార వదలడమనేది ఇంట్లో మనిషి ఉండి, ఒకటి రెండు రాత్రులకి చేసే పని. ఐదారు వారాలపాటు మెయిన్ తెరిచి, ఊరవతల ఉండి చేసేది కాదు.

ఇక మీరు చేయాల్సింది. రోడ్డు పక్క గడ్డిలో మీటర్ పెట్టె ఉంటుంది. మీ ఇంటివైపు వాల్వు అందులోనో, దాని పక్క చిన్న పెట్టెలోనో ఉంటుంది. కొన్ని ఇళ్లలో గరాజ్ గోడకి కూడా ఇంకోటి ఉంటుంది. చెయ్యి పెట్టేముందు లోపల చీమలున్నాయేమో చూడండి. టెక్సస్ నిప్పుచీమలకి ఆ పెట్టెలంటే మహా ఇష్టం, నా చేతికింకా మచ్చ ఉంది. చాలా మీటర్ల మీద బుల్లి త్రిభుజం ఒకటి కనిపిస్తుంది. ట్యాపులన్నీ కట్టి ఉన్నా అది తిరుగుతోందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. వాల్వు కట్టాక, పైన ఒక ట్యాపు, కింద ఒక ట్యాపు, వేడిదీ చన్నీళ్లదీ రెండూ తెరవండి. టాయిలెట్లు ఫ్లష్ చేయండి. ధార ఆగకుండా వస్తూనే ఉంటే వాల్వు సరిగ్గా మూసుకోలేదు, ప్లంబర్‌ని పిలవాల్సిందే. ఇంట్లో ఫైర్ స్ప్రింక్లర్లు ఉంటే మాత్రం వాటి నీళ్లు కట్టేముందు తెలిసినవాళ్లని అడగండి. వాటర్ హీటర్ ట్యాంకు రకమైతే వెకేషన్ సెట్టింగ్‌లో పెట్టండి. గోడకి తగిలించే ట్యాంక్‌లెస్ అయితే జాగ్రత్త: గడ్డకట్టకుండా దాన్ని కాపాడే ఏర్పాటు కరెంటు మీదే నడుస్తుంది, కరెంటు పోతే అదీ పోతుంది. దాని మాన్యువల్‌లో నీళ్లు దింపే పద్ధతి ఉంటుంది, ఓసారి చేసి చూడండి.

మెయిన్ కట్టేశాం కదా అని లాన్ స్ప్రింక్లర్‌ని మర్చిపోవద్దు. ఇక్కడ చాలా ఇళ్లలో దాని పైపు ఇంటి వాల్వుకి ముందే చీలిపోతుంది. లాన్ నీళ్లు మంచినీళ్ల పైపులోకి వెనక్కి రాకుండా ఆపే ఇత్తడి పరికరం (బ్యాక్‌ఫ్లో అంటారు) బయట నేలమీద నిలబడి ఉంటే, చలికి ముందుగా పగిలే వస్తువుల్లో అదొకటి. దాని సరఫరా విడిగా కట్టి, పక్కనున్న చిన్న స్క్రూలు తిప్పి నీళ్లు దింపి, పిడులు సగంలో ఆపండి. పూర్తిగా మూస్తే వాల్వు లోపలి బంతిలో కాస్త నీరు మిగిలిపోతుంది. గార్డెన్ హోస్ ఊడదీయండి. ఈ రెండూ పావుగంట పని.

థర్మోస్టాట్ ఎట్టి పరిస్థితుల్లోనూ 55 ఫారన్‌హీట్ కంటే తగ్గించొద్దు, నేనైతే 60లో పెడతాను. గ్యాస్ బిల్లు గురించి మా ఆయన గొణుగుతారు, గొణగనీండి. వీలుంటే అటకెక్కి ఓసారి చూడండి. ఇక్కడ చాలా ఇళ్లలో నీళ్ల పైపులు అటకలోంచే వెళ్తాయి. ఇన్సులేషన్ పైపు మీద కప్పి ఉండాలి. పైపు కిందనే ఉంటే ఇంటి వేడి పైపుకి అందదు, చలిగాలి మాత్రం తగులుతుంది. మాది అచ్చంగా అలాగే ఉంది. కట్టినవాళ్లు అలా వదిలేశారు, మేం కొన్నప్పుడు చూసుకోలేదు.

ఇన్సూరెన్స్ సంగతి ఒక్కమాట. హఠాత్తుగా పైపు పగిలితే చాలా పాలసీలు నష్టం కడతాయి. కానీ ఖాళీ ఇంట్లో హీటింగ్ ఉంచారా, లేదంటే నీళ్లు కట్టి దింపారా అని అడుగుతాయి. వెళ్లేరోజు థర్మోస్టాట్, కట్టిన వాల్వు, గదులు కలిపి ఒక వీడియో తీసి ఉంచండి. మా విషయంలో హీటింగ్ గురించి రెండుసార్లు అడిగారు, కరెంటు పోయిందని చెప్పుకోవాల్సొచ్చింది. ఇంకోటి, తడిసిన డ్రైవాల్‌కి (గోడలకీ సీలింగ్‌కీ వాడే జిప్సం పలక) బూజు ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతుంది. మాకు ప్లంబర్ దొరికింది తొమ్మిదో రోజున. అప్పటిదాకా ఆగకుండా ఫొటోలు తీసి, తడిసిన కార్పెట్ మేమే కోసి బయట పడేశాం. అదే కాస్త కాపాడింది.

మీ ప్రశ్న కిందే మిన్నెసోటా నుంచి ఒకాయన మంచుకి రూఫ్ కారడం గురించి అడిగారు. అది వేరే జబ్బు. మా తమ్ముడు మినియాపోలిస్ దగ్గర ఉంటాడు. మొదటి చలికాలం చూరుకి వేలాడే మంచు కడ్డీల ఫొటోలు వాట్సాప్‌లో మురిసిపోతూ పంపాడు. మార్చిలో పంపింది బెడ్‌రూం సీలింగ్ మీద గోధుమరంగు మరక. ఇంటి వేడి అటకలోకి లీకై రూఫ్ మీది మంచు కరుగుతుంది. ఆ నీరు చల్లగా ఉండే చూరు దాకా వచ్చి మళ్లీ గడ్డకట్టి ఆనకట్టలా నిలుస్తుంది. వెనక చేరిన నీరు షింగిల్స్ (రూఫ్ మీద పరిచే పలకలు) కిందికి దూరుతుంది. మంచు పడ్డప్పుడల్లా పొడవాటి రూఫ్ రేక్‌తో కింద నిలబడి అంచు దగ్గర లాగేయడం తాత్కాలికం. అటకలోకి వేడి పోయే కంతలు మూసి ఇన్సులేషన్ పెంచుకోవడమే మందు. నిచ్చెనెక్కి సుత్తితో ఐసు కొట్టొద్దు, రాళ్ల ఉప్పు చల్లొద్దు, రెండూ రూఫ్‌ని పాడుచేస్తాయి.

ఫ్రిస్కోవారికి ఆఖరిది. ఇంటి కీ దగ్గర్లో ఉండే ఎవరికైనా ఇచ్చి, వారానికోసారి లోపలికి వెళ్లి రమ్మనండి. మీరు వాల్వు దగ్గర నిలబడి తీసిన ఫొటో కూడా వాళ్లకి పంపండి. ఇదంతా ఎయిర్‌పోర్టుకి బయల్దేరే రోజు పెట్టుకోకండి, ఈ శనివారమే ఓసారి వాల్వు తిప్పి చూడండి. ఏళ్లుగా తిప్పని వాల్వు బిగుసుకుపోయి ఉంటే బలవంతం చేయకుండా ప్లంబర్‌ని పిలవండి. డిసెంబర్ మూడో వారంలో వాళ్లు దొరకడం కష్టం.